కెన్యా మిషన్ ట్రిప్‌కి వెళ్తున్నారా? బిడియాన్ని దాటడం ఎలా

నలుగురిలో నోరు విప్పాలంటే గుండె దడదడలాడే మనిషికి మిషన్ ట్రిప్ (చర్చి తరఫున జట్టుగా వేరే చోటికి సేవకు వెళ్లడం) అనగానే కళ్ల ముందు మెదిలేది మైకు. "ఇప్పుడు మన ఇండియా సిస్టర్ రెండు మాటలు చెబుతారు" అని ఎవరో పిలిచినట్టు, అరచేతులు చెమట పట్టినట్టు ఊహ మొదలవుతుంది. పేరు వెనక్కి తీసుకుందామా అనిపిస్తుంది. తీసుకోకండి. బిడియస్తులు చాలామంది మాట రాక ఆగిపోరు, తర్వాతి నిమిషంలో తమను ఏం చేయమంటారో తెలియక ఆగిపోతారు. ఆ నిమిషాలను ముందే తెలుసుకుని ఒక్కోదానికీ సిద్ధపడితే సగం బరువు దిగిపోతుంది. ఈ వ్యాసమంతా ఆ సిద్ధపాటు గురించే.

తెలుగు క్రైస్తవ సంఘాల (చర్చిల) నుంచి పది, పన్నెండు రోజులకు బయల్దేరే చిన్న జట్లను దృష్టిలో పెట్టుకుని, కెన్యాను ఉదాహరణగా తీసుకున్నాం. వేరే దేశమైతే భాష, మర్యాదలు మారతాయి, పద్ధతి ఇదే. ఒక్క హెచ్చరిక: నేపాల్ లాంటి కొన్ని దేశాల్లో మతమార్పిడి చట్టరీత్యా నేరం. అలాంటి చోట్లకు ఈ వ్యాసం సరిపోదు.

ముందు ఒక అపోహ వదిలించుకోండి

మనం వెళ్లి ఎవరికో కొత్తగా సువార్త వినిపించాలి, ఒప్పించాలి అన్న ఊహే బిడియస్తుల్ని ఎక్కువ భయపెడుతుంది. 2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో 85 శాతానికి పైగా క్రైస్తవులే. మీరు వెళ్లే పల్లె సంఘంలో మీకంటే ఎక్కువ బైబిల్ వాక్యం తెలిసిన అవ్వలుంటారు, మీకంటే గట్టిగా ప్రార్థన చేసే పిల్లలుంటారు. వాళ్లు మిమ్మల్ని చుట్టాల్లా చూస్తారు. వాళ్ల పనిలో చేయి వేయడానికి వెళ్తున్నారు మీరు, ఎవరితోనూ వాదించి గెలవక్కర్లేదు.

రెండో అపోహ ఇంకా చేటు చేస్తుంది. బిడియాన్ని పాపంలాగా, విశ్వాసం తక్కువైనట్టుగా మాట్లాడేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. దేవుడు మనకు పిరికితనం గల ఆత్మ ఇవ్వలేదని తిమోతికి అపొస్తలుడైన పౌలు రాసిన బైబిల్ వచనాన్ని తెచ్చి నెత్తిన కొడతారు. అదే పౌలు తాను కొరింథుకు భయంతో, వణుకుతో వచ్చానని రాశాడు. మోషే తనకు మాట నేర్పు లేదన్నాడు. అతని తరఫున మాట్లాడటానికి అన్న అహరోను నిలబడ్డాడే గానీ మోషేకి వాగ్ధాటి రాలేదు. కాబట్టి "ప్రభువా, నా బిడియం తీసెయ్యి" అని మాత్రమే ప్రార్థించి, తీసెయ్యలేదని కుంగిపోకండి. ప్రార్థన చేయండి, అభ్యాసమూ చేయండి.

పనిని మీరే అడిగి తీసుకోండి

జట్టు మొదటి సమావేశంలోనే లీడర్ దగ్గరికి వెళ్లి రెండు పనులు అడగండి. ఒకటి చేతుల పని, ఒకటి నోటి పని.

చేతుల పనంటే మెడికల్ క్యాంపులో పేర్లు రాయడం, కళ్లద్దాలు సర్దడం, వి.బి.ఎస్.లో (పిల్లల సెలవుల బైబిల్ బడిలో) క్రాఫ్ట్ సామాను చూడటం, సౌండ్ సిస్టమ్, వంటింట్లో సాయం. ఇది ఎందుకు ముఖ్యమంటే, చేతిలో పని ఉన్నవాడి దగ్గరికి జనమే వస్తారు. సంభాషణ మొదలుపెట్టే భారం వాళ్లదవుతుంది. చేతులు ఖాళీగా గోడకు ఆనుకుని నిలబడిన మనిషిని చూసి వాళ్లూ మొహమాటపడతారు.

నోటి పని చిన్నదే తీసుకోండి గానీ తప్పనిసరిగా తీసుకోండి: 3 నిమిషాల సాక్ష్యం (దేవుడు మీ జీవితంలో చేసినది చెప్పడం), ఒక వచనం చదవడం, లేదా పాటకు ముందు రెండు మాటలు. "నేను వెనకుండి ప్రార్థన చేస్తాను, నాకేమీ ఇవ్వకండి" అనేవాళ్లకు నాలుగో రోజుకల్లా భయం రెట్టింపవుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ ఆ పని ఇంకొంచెం పెద్దగా కనిపించడం మనసు స్వభావం.

ఎనిమిది వారాల మెట్లు

ఒక కాగితం మీద మీకు భయం కలిగించే పనులు రాసి, ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయండి. 3 మార్కుల పనితో మొదలుపెట్టండి. ఒకే పనిని భయం సగానికి తగ్గేదాకా మళ్లీ మళ్లీ చేసి, ఆ తర్వాతే పై మెట్టెక్కండి. ఉదాహరణకు ఇలా:

1, 2 వారాలు: ఆదివారం ఆరాధన అయ్యాక, మీకు పరిచయం లేని ఇద్దరికి మీరే ముందుగా వందనాలు చెప్పి పేరు అడగండి. వెంటనే ఇంటికి పరిగెత్తకుండా 10 నిమిషాలు ఉండండి.

3, 4 వారాలు: సండే స్కూల్లో 5 నిమిషాల కథ చెప్పండి. పిల్లలు తప్పులు పట్టరని కాదు, బాగా పడతారు. కానీ మరుక్షణం మర్చిపోతారు.

5వ వారం: సంఘంలో ప్రకటనలు చదవండి. కాగితం చూసి చదివేదే కాబట్టి కంఠం మైకుకు అలవాటవుతుంది.

6వ వారం: జట్టులో ముగ్గురి ముందు సాక్ష్యం ఇంగ్లీషులో. ఫోన్లో రికార్డు చేసుకుని ఒక్కసారే వినండి. పదిసార్లు వింటే తప్పులే వినిపిస్తాయి.

7వ వారం: అదే సాక్ష్యం, పక్కన ఒకరు తెలుగులోకి అనువదిస్తుండగా. ఈ మెట్టును చాలా జట్లు వదిలేస్తాయి. అక్కడికెళ్లాక వాక్యానికీ వాక్యానికీ మధ్య వచ్చే నిశ్శబ్దంలో ఏం చేయాలో తెలియక తడబడేది అందుకే.

8వ వారం: యూత్ మీటింగులో పూర్తిగా, పాటతో సహా.

అభ్యాసం ఫలించకపోవడానికి మామూలు కారణం మనకు తెలియకుండా చేసే దొంగ జాగ్రత్తలు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మనం చెప్పబోయేది లోలోపల వల్లెవేయడం, ఫోన్లో తల దూర్చడం, ఫోటోలు తీసే పని నెత్తినేసుకుని కెమెరా వెనక దాక్కోవడం. ఆ క్షణానికి ఊరట దొరుకుతుంది గానీ, అవి లేకుండా కూడా గండం గడుస్తుందని మనసుకు ఎప్పటికీ తెలియదు. ఒక్కోవారం ఒక్కోటి మానేయండి.

ఇరవై సెకన్ల స్వాహిలి

కెన్యాలో ఇంగ్లీషు, స్వాహిలి రెండూ అధికార భాషలు. బడికెళ్లిన వాళ్లతో ఇంగ్లీషు సరిపోతుంది. మన ఇంగ్లీషు బాగోదని సిగ్గుపడే తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అవతలివాళ్లకూ అది రెండో భాషో మూడో భాషో. చిన్న వాక్యాలు, నెమ్మదిగా, అంతే. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకుంటే ఇద్దరికీ కష్టమే.

స్వాహిలి పలకడం మనకు తేలిక. మాటలు దాదాపు అన్నీ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి, ఊనిక సాధారణంగా చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఈ ఆరు వాక్యాలు నిద్రలో లేపినా చెప్పగలిగేలా నేర్చుకోండి:

బ్వానా అసిఫీవె! – ప్రభువుకు స్తుతి. సభ "ఆమెన్" అంటుంది. అనేదాకా ఆగండి.
జీనా లాంగు ని ... – నా పేరు ...
నినతోకా ఇండియా – ఇండియా నుంచి వచ్చాను.
నవసలీము కతీకా జీనా లా యేసు – యేసు నామంలో మీకు వందనాలు.
నిమెఫురాహి కువా హాపా – ఇక్కడ ఉండటం సంతోషం.
ముంగు అవబరీకి – దేవుడు మిమ్మల్ని దీవించును గాక.

మొత్తం 20 సెకన్లు. ఈ 20 సెకన్లు ఎందుకంత విలువైనవో ఆదివారం తెలుస్తుంది.

ఇవి కాక రోజంతా పనికొచ్చేవి: "హబారి?" అని పలకరిస్తే "న్జూరి" అనండి. కృతజ్ఞతకు "అసాంటే సానా". తోవ ఇమ్మనడానికి, పొరపాటుకు "సమహాని". ఎవరైనా జబ్బు గురించో, చావు గురించో, కాలు బెణికిందనో చెబితే "పోలె సానా" అనండి. రోగి మంచం పక్కన ఏం మాట్లాడాలో తెలియక నీళ్లు నమిలే వాళ్లకు ఇంతకంటే అక్కరకొచ్చే మాట లేదు. వయసైన పురుషుణ్ని "మ్‌జే" అని, పెద్దావిడను "మామా" అని గౌరవంగా పిలుస్తారు. నవ్వు రాకుండా ముందే అలవాటు చేసుకోండి.

దుబాసీతో సాక్ష్యం: లెక్కలు

మనవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే. 3 నిమిషాలిచ్చారంటే మీ వాటా ఒకటిన్నర నిమిషమే, మిగతా సగం దుబాసీది. నెమ్మదిగా మాట్లాడితే నిమిషానికి 100 ఇంగ్లీషు మాటలు. అంటే మీ సాక్ష్యం మొత్తం 150 మాటలు దాటకూడదు. 500 మాటలు రాసుకుని వెళ్లినవాళ్లు మధ్యలో గడియారం చూసి కంగారుపడి, అసలు విషయం చెప్పకుండానే దిగిపోతారు.

ఆ 150 మాటలను ఇలా పంచుకోండి: వందనం 20, ముందు మీ జీవితం 40, ఏం జరిగింది 50, ఇప్పుడు ఎలా ఉన్నారు 30, దీవెన 10. ఒక్క సంఘటన మాత్రమే చెప్పండి. పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టొద్దు. జరగనిది కలపొద్దు. మన సభల్లో సాక్ష్యాలు ఒక్కోసారి ఊపులో పెరిగిపోతుంటాయి, అక్కడ ఆ అలవాటు వద్దు. బిడియస్తుల సాక్ష్యం మామూలుగా పొట్టిగా, ఉన్నదున్నట్టుగా ఉంటుంది. వినేవాళ్లకు అదే బాగుంటుంది.

వాక్యానికి 10 మాటలు మించకుండా రాయండి. సగం వాక్యం దగ్గర ఆపితే దుబాసీ క్రియ కోసం మీ మొహం చూస్తాడు. సామెతలు, చమత్కారాలు తీసేయండి, అవి గట్టు దాటవు. వాడబోయే వచనం ఏదో ముందురోజే చీటీ మీద రాసి దుబాసీకి ఇవ్వండి. కీర్తనల గ్రంథం స్వాహిలిలో "జబూరి", యోహాను సువార్త "యోహానా", మత్తయి "మతాయో". ఆయన తన బైబిల్లో గుర్తు పెట్టుకుంటే చదివేటప్పుడు మీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

నిలబడేటప్పుడు దుబాసీకి అర అడుగు ముందు, పక్కనే ఉండండి. చూపు సభ మీద. సభను చూడలేకపోతే మూడో వరుసలో నవ్వుతున్న ఒక అవ్వను చూసుకోండి, ఎప్పుడూ ఒకరుంటారు. ఆయన అనువదిస్తున్నంతసేపూ మీ తర్వాతి వాక్యాన్ని కార్డులో చూసుకోవచ్చు. సిగ్గరికి దుబాసీ ఉండటం నిజానికి వరం. మాటకూ మాటకూ మధ్య ఆలోచించుకునే తీరిక ఇంకెక్కడా దొరకదు.

కాగితం వణుకుతుంది కాబట్టి పోస్టుకార్డు సైజు గట్టి అట్ట మీద రాసుకోండి. ఫోన్లో పెట్టుకుంటే స్క్రీన్ ఆరిపోయే సమయానికే మాట మర్చిపోతారు.

ఆదివారం ఏం జరుగుతుంది

తెలుగు సంఘాల్లో చాలాచోట్ల చెప్పులు బయట విడుస్తాం, ఆడవాళ్లు ఒకవైపు మగవాళ్లు ఒకవైపు కూర్చుంటాం, ఆడవాళ్లు ముసుగు వేసుకుంటారు. కెన్యాలో మామూలుగా బూట్లతోనే లోపలికి వెళ్తారు, కుటుంబాలు కలిసి బెంచీల మీద కూర్చుంటాయి. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి చుట్టూ చూసి బిగుసుకుపోయే క్షణం ఇది తెలిస్తే రాదు. ముసుగు వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

అందరూ చేయి కలుపుతారు. పెద్దలు, పిల్లలు, ఆడ, మగ తేడా లేదు. నమస్కారానికి అలవాటైన మన ఆడపిల్లలకు మొదటిరోజు ఇబ్బందిగా ఉంటుంది. కుడిచేయి ఇవ్వండి. పెద్దవారికి ఇచ్చేటప్పుడు ఎడమచేత్తో మీ కుడి ముంజేతిని తాకితే గౌరవంగా భావిస్తారు. ఏ కారణంగానైనా మగవారికి చేయి ఇవ్వడం ఇష్టం లేకపోతే గుండె మీద చేయి పెట్టుకుని తల వంచి నవ్వండి. దాన్నీ అర్థం చేసుకుంటారు. చేయి సగం చాచి వెనక్కి లాక్కోవడమే నొప్పించేది.

ఆరాధన రెండు నుంచి నాలుగు గంటలు సాగొచ్చు. మధ్యలో అతిథులను నిలబెట్టి పలకరించమంటారు. ఇది దాదాపు తప్పదు, ముందు చెప్పకపోయినా. అక్కడే మీ 20 సెకన్లు. "బ్వానా అసిఫీవె" అనగానే సభ మొత్తం గట్టిగా బదులిస్తుంది, ఆ బదులుతోనే మీ గొంతు సర్దుకుంటుంది. ఎవరైనా "ముంగు ని మ్వేమా" అంటే "దేవుడు మంచివాడు" అని. దానికి "కీలా వకాతి", ఎల్లప్పుడూ, అని బదులు చెప్పాలి.

పాటల్లో అడుగులు వేస్తారు, ఊగుతారు. లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చిల ఆరాధనల క్రమానికి అలవాటుపడినవాళ్లు స్తంభంలా నిలబడిపోతారు. నాట్యం చేయక్కర్లేదు, చప్పట్లు కొడుతూ కుడికీ ఎడమకూ ఒక్కో అడుగు మార్చండి చాలు. ఇండియా పాట పాడమని తప్పకుండా అడుగుతారు. నలుగురు కలిసి పాడేది, హల్లెలూయ లాంటి సులువైన పల్లవి ఉన్నది ఒకటి సిద్ధం చేసుకోండి. రెండోసారికి సభే అందుకుంటుంది, మీ గొంతు అందులో కలిసిపోతుంది.

ఉన్నట్టుండి ప్రార్థన చేయమంటే? తెలుగులో చేయండి. "నా భాషలో ప్రార్థిస్తాను" అని ఒక్క మాట ముందు చెబితే చాలు. నాలుగు వాక్యాలు: కృతజ్ఞత, ఆ ఇంటివారి పేరు, వాళ్ల అవసరం, యేసు నామం. చివర "కతీకా జీనా లా యేసు, అమీనా" అంటే అందరూ ఆమెన్ చెబుతారు.

ఇంకో చిక్కు. స్వాహిలి గడియారం ఉదయం 6 నుంచి లెక్క మొదలుపెడుతుంది. "సా మోజా" అంటే ఒకటో గంట, అంటే మనకు ఉదయం 7. సమయం చెప్పినప్పుడు ఏ లెక్కో అడగండి. అడగడానికి మొహమాటపడి ఆలస్యంగా వెళ్లి, అందరూ చూస్తుండగా ముందు వరుసలోకి నడవడం అంతకు పదింతల కష్టం.

ఇళ్లకు వెళ్లినప్పుడు

గుమ్మం బయట ఆగి "హోడీ" అనండి. లోపలి నుంచి "కరీబు" అన్నాకే అడుగుపెట్టండి. పంచదార, టీపొడి లాంటివి చేతిలో ఉంటే మర్యాద. ఏం తీసుకెళ్లాలో స్థానిక పాస్టరుగారి భార్యను అడగండి. మన ఊరగాయ జాడీలకు, బహుమతులకు ప్లాస్టిక్ క్యారీబ్యాగులు మాత్రం వాడొద్దు. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి అవి నిషేధం. గుడ్డసంచులు పట్టుకెళ్లండి.

భోజనానికి ముందు ఇంటివాళ్లే చెంబుతోనో జగ్గుతోనో చేతుల మీద నీళ్లు పోస్తారు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంకటే. చేత్తో ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి, సుకుమా వికీ అనే ఆకుకూరతో తింటారు. రాయలసీమ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. తినడం కూడా పలకరింపే. మాట రానివాళ్లు ఇష్టంగా తిని "అసాంటే" అంటే ఆ ఇంట్లో చుట్టరికం కలిసినట్టే. చాయ్ పాలతోనే ఇస్తారు, చపాతీ కూడా కనిపిస్తుంది. అక్కడ అది ఇంటింటి వంటకమైపోయింది.

మాట మొదలుపెట్టడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ చేలో ఏం పండిస్తారు? పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారు? ఈ సంఘం ఎప్పుడు మొదలైంది? మన దగ్గర వ్యవసాయం తెలిసినవాళ్లు మొక్కజొన్న గురించి అరగంట మాట్లాడగలరు, వాళ్లూ అంతే. అడగకూడనివి: ఏ తెగ, ఎవరికి ఓటు, ఎంత సంపాదన. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత తెగల మధ్య జరిగిన హింస చాలా కుటుంబాలకు ఇంకా పచ్చిగాయమే. మనం కులం అడిగినంత తేలిగ్గా అక్కడ తెగ అడగొద్దు. ఇక్కడ అడగడమూ మంచిది కాదనుకోండి.

పిల్లలు "ముహిందీ" అని అరుస్తారు, భారతీయులని అర్థం. జుట్టు పట్టుకుని చూస్తారు. అది ఎగతాళి కాదు.

పిల్లల దగ్గర

బిడియస్తులు సహజంగా పిల్లల వైపు జరుగుతారు. మంచిదే, కానీ ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఒక్కరే పిల్లవాడితో గదిలోగానీ, వాహనంలోగానీ ఉండకూడదు. ఫోటో తీసేముందు తల్లిదండ్రుల్ని, బడిలో అయితే టీచర్ని అడగాలి. ఇక రోజంతా పిల్లలతోనే గడిపి పెద్దవాళ్లను తప్పించుకోవడం కూడా దాక్కోవడమే. పూటకు ఒక తల్లినో తండ్రినో పలకరించండి.

"కాదు" అనడం నేర్చుకోండి

మొహమాటస్తులకు మాట్లాడటం కంటే కష్టమైనది కాదనడం. ఎవరో పిల్లవాడి స్కూలు ఫీజు గురించి చెబుతారు, సంఘం పైకప్పు గురించి చెబుతారు, ఎం-పెసా (ఫోన్లో డబ్బు పంపే పద్ధతి) నంబరు ఇస్తారు. మీరు ఏమనాలో తెలియక తలూపుతారు. అక్కడ తలూపడమంటే మాటిచ్చినట్టు. మీరు వచ్చేశాక నెలల తరబడి ఎదురుచూస్తారు, ఆతిథ్యమిచ్చిన పాస్టరుగారు జవాబు చెప్పుకోవాలి. ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: "నేను ఒక్కరినే మాట ఇవ్వలేను, మా లీడర్‌కు, మీ పాస్టరుగారికి చెబుతాను." చెప్పి, నిజంగానే ఆ సాయంత్రం చెప్పండి. హరాంబీ అని అందరూ కలిసి చందాలు వేసుకునే ఆనవాయితీ కూడా ఉంది. సభలో అకస్మాత్తుగా అడిగితే ఎంత ఇవ్వాలో, ఎవరు ఇవ్వాలో జట్టంతా ముందే అనుకోండి. పెళ్లి ప్రస్తావన, వాట్సాప్ నంబరు అడిగితే కూడా అదే వాక్యం పనిచేస్తుంది. స్వరం పెంచక్కర్లేదు, కారణాలు వివరించక్కర్లేదు. కారణం చెప్పే కొద్దీ బేరం మొదలవుతుంది.

మాట మర్చిపోతే

మర్చిపోతారు. అప్పుడు చేయాల్సినవి వరుసగా: రెండు పాదాలూ నేల మీద గట్టిగా ఆనించండి. 4 లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, 6 లెక్కపెడుతూ వదలండి. చివరగా చెప్పిన వాక్యాన్నే మళ్లీ చెప్పండి, దుబాసీ మళ్లీ అనువదిస్తాడు, ఎవరికీ తేడా తెలియదు. అప్పటికీ రాకపోతే "బ్వానా అసిఫీవె" అనండి. సభ బదులిస్తుంది, అయిదు సెకన్లు దొరుకుతాయి. అప్పటికీ రాకపోతే "ముంగు అవబరీకి" అని కూర్చోండి. పొట్టిగా ముగించిన అతిథి మీద ఏ సంఘానికీ కోపం రాదు.

ఎర్రబడిన మొహం, వణికే చేయి మీకు కనిపించినంతగా ఇతరులకు కనిపించవు. కూర్చున్నాక రాత్రంతా ఆ రెండు నిమిషాలు నెమరేసుకోవడమే అసలు నష్టం. పడుకోబోయే ముందు డైరీలో మూడు గీతలు చాలు: ఈరోజు ఎవరితో మాట్లాడాను, వాళ్ల పేరేంటి, రేపు వాళ్లను ఏం అడగాలి.

బలం ఖర్చయిపోకుండా

రోజుకు కొత్తవాళ్లతో మూడు సంభాషణలు, ఒక్కోటి అయిదు నిమిషాలు, లక్ష్యంగా పెట్టుకోండి. మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట ఒంటరిగా ఉంటానని మొదటిరోజే జట్టుకు చెప్పండి. చెప్పకుండా మాయమైతే అలిగారనుకుంటారు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి మొదటి రెండు రాత్రులు త్వరగా నిద్ర ముంచుకొస్తుంది, పడుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరోబీలో ఉదయాలు చలిగా ఉంటాయి, స్వెటరు లేక వణుకుతుంటే అది భయమో చలో మీకే తెలియదు.

వెళ్లేముందు డాక్టరు దగ్గర

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలో క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా రాకుండా వాడే మాత్రల్లో మెఫ్లోక్విన్ కొందరిలో ఆందోళన, పీడకలలు తెస్తుంది. మీకు ఆందోళన ఎక్కువని డాక్టరుకు ముందే చెబితే వేరే మందు రాస్తారు. వేదికెక్కే ముందు వేసుకొమ్మని స్నేహితులిచ్చే ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దు, ఆస్తమా ఉన్నవాళ్లకు అవి ప్రమాదం.

కాలేజీ, ఉద్యోగం, పెళ్లిళ్లు కూడా మానుకునేంత భయం ఆరు నెలలకు పైగా ఉంటే అది ఉత్త బిడియం కాకపోవచ్చు, చికిత్స ఉన్న జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు. ట్రిప్ ఒక సంవత్సరం ఆగినా పర్వాలేదు.

జట్టు లీడర్లకు

"మా బ్రదర్ కొంచెం సిగ్గరి" అని పరిచయం చేయకండి. ఆ మాట అన్నాక అతను పదిరోజులూ అలాగే ఉండాల్సి వస్తుంది. ఎవరినైనా మాట్లాడించాలంటే కనీసం ఒకరోజు ముందు చెప్పండి. "ఆత్మ నడిపిస్తే చెప్పు" అని వేదిక మీదే పిలవడం వల్ల మాటకారులే నడుస్తారు. ఇద్దరిద్దరిని జత చేయండి, అయితే మాటకారితో సిగ్గరిని కట్టేస్తే మాటకారే మొత్తం మాట్లాడేస్తాడు. మొదటి ఇంట్లో ఒకరు, రెండో ఇంట్లో మరొకరు మొదలుపెట్టాలని నియమం పెట్టండి. ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర ప్రతి ఒక్కరూ తామే జవాబు చెప్పాల్సి ఉంటుంది కాబట్టి, ఎవరు పిలిచారు, ఎక్కడ ఉంటారు, ఎన్ని రోజులు, తిరుగు టికెట్ తేదీ, ఈ నాలుగూ అందరి దగ్గరా కాగితం మీద ఉండాలి. మీరు చేయబోయే పనికి తగిన అనుమతి ఏదో ఆతిథ్యమిచ్చే సంఘంతో ముందే తేల్చుకోండి. అనుమతి సరిగా లేకపోతే ధైర్యవంతులకు కూడా అక్కడ నోరు పెగలదు.

తిరిగొచ్చాక రెండు వారాల్లోపు మీ సంఘంలో 5 నిమిషాల నివేదిక ఇచ్చే పని అడిగి తీసుకోండి. ఆరు ఫోటోలు చాలు. నెల దాటితే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వస్తుంది.